ఇంకొకళ్ళు పడతారు

నలుగురు మొగవాళ్ళు ఒక అరుగు మీద చేరి, వానల గురించీ ధాన్యం ధర గురించీ మాట్లాడ్డం అయిపోయాక, రెండు వస్తువుల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఏది గొప్పదో తేల్చే పనిలో పడతారు. రామారావా, నాగేశ్వర్రావా? స్వర్ణా, సాంబమసూరీయా? వైద్యానికి రాజమండ్రి మంచిదా, విజయవాడ మంచిదా? తేలకపోయినా ఫరవాలేదు, తేల్చడంలోనే ఉంది ఆ సుఖమంతా. మా తణుకులో చాలా ఏళ్ళపాటు ఆ జాబితాలో చెక్కు చెదరకుండా నిలబడ్డ జంట ఇంకొకటుంది. అంబాసిడరు, ఫియట్టు. కార్లున్నవాళ్ళు వాదించుకున్నారంటే సరే. సైకిలు కూడా లేనివాళ్ళు అంతకంటే పట్టుదలగా వాదించుకునేవారు. తనది కానిదాని మీద మమకారం పెంచుకోవడానికి ఖర్చేముంది కనక!

ఈ జబ్బు మన ఒక్కళ్ళదే అనుకోకండి. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1964 ఏప్రిల్లో మస్టాంగ్ అనే కారు తెచ్చింది. మస్టాంగ్ అంటే అక్కడి అడవిగుర్రం. అది వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోవడం చూసి ఊరుకోలేక, షెవర్లే వాళ్ళు 1966లో కమారో అని ఇంకొకటి దించారు. కమారో అంటే ఏమిటండీ అని పత్రికలవాళ్ళడిగితే, మస్టాంగుల్ని తినే ఒక చిన్న పొగరుబోతు జంతువు అని జవాబిచ్చారట. ఇక చూసుకోండి, తండ్రి ఏ పక్షమైతే కొడుకూ ఆ పక్షమే, మనవడూ ఆ పక్షమే. ఆ కాలపు అలాంటి బళ్ళకి అక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'కండల కార్లు'. పేరుకి తగ్గట్టే ఉంటాయి. మస్టాంగుకి పెద్ద ఇంజను వేయించుకుంటే అది 4.7 లీటర్లది. మన అంబాసిడరుది లీటరున్నర. అంటే ఆ ఒక్క గుర్రం పొట్టలో మన అంబాసిడర్లు మూడు పడతాయన్నమాట. అయితే ఆ కారులో మనుషులు మాత్రం ఎందరో పట్టరు. ముందు రెండు సీట్లూ దేనికదే, మనిషి ఒంటికి మనిషి ఒళ్ళు తగలకుండా, గుంటలా చేసిన బకెట్ సీట్లు. వెనక సీటు కూడా ఉందంటే ఉంది. ఏది ముందు పోతుంది అనేది అక్కడి ప్రశ్న. ఎంతమంది పడతారు అనేది ఇక్కడి ప్రశ్న. నన్నడిగితే ఈ రెండోదే చిక్కు ప్రశ్న. ముందుపోయే బండిని గడియారం చేత్తో పట్టుకుని తేల్చెయ్యొచ్చు. రెండోదాన్ని తేల్చే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ముందు అసలు మనకి రెండే ఎందుకున్నాయో చెప్పాలి. స్వాతంత్ర్యం రాకముందు మన జమీందార్ల చావిళ్ళలో ఉన్నవి చాలామట్టుకు సీమ కార్లూ అమెరికా కార్లూనే. జనరల్ మోటార్స్ 1928 నుంచీ బొంబాయిలో షెవర్లేలు బిగించి అమ్మింది. ఫోర్డు వాళ్ళూ అంతే. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం, ఓడలో వచ్చిన ముక్కల్ని ఇక్కడ బిగిస్తే చాలదు, బండి ఇక్కడే తయారు కావాలి అంది. వాళ్ళు ఇద్దరూ ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మూటా ముల్లే సర్దుకుపోయారు. మిగిలినవి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో బిర్లాల హిందుస్తాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డు. మద్రాసు వాళ్ళ హెరాల్డు 1961లో వచ్చింది కానీ మా వైపు అది పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలాంటిది, పలకరించేవాళ్ళు తక్కువ. ఉత్తరపారా వాళ్ళు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు అచ్చు తెచ్చుకుని 1957లో అంబాసిడరు చేశారు. బొంబాయి వాళ్ళు అంతకు మూడేళ్ళ ముందే ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 చెయ్యడం మొదలుపెట్టారు. 1974లో ఆ బండి పేరు ప్రీమియర్ పద్మిని అయింది. అయినా మనవాళ్ళకి అది ఫియట్టే. కోడలికి అత్తారింట్లో ఎన్ని పేర్లు మార్చినా పుట్టింటివాళ్ళు పాత పేరుతోనే పిలుస్తారు చూడండి, అలాగ.

ఎటొచ్చీ వెళ్ళిపోయిన అమెరికా కార్లు పూర్తిగా పోలేదు. 1982లో రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవర్లే వ్యానే. మస్టాంగ్ గురించి తెలియని పల్లెటూరి ముసలమ్మలు కూడా షెవర్లేకి హారతి పట్టారు.

ఈ రెండు కార్లలో ఏదో ఒకటి కావాలన్నా డబ్బుంటే చాలదు. ముందుగా సొమ్ము కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. 1969లో అయితే కార్ల ధర కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. అలా వచ్చినదాన్ని చూసి మన ఎంపిక అని మురిసిపోయేవారు. దీన్ని ఎంపిక అనొచ్చా? రెండు ఫొటోలు ముందు పెట్టి ఇందులో నీకు నచ్చిన పిల్లవాణ్ణి చెప్పమ్మా అంటే, నచ్చడమంటే ఏమిటో ఆ పిల్లకి తెలిసే అవకాశం ఏదీ? కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. అలా వచ్చినవాటి మీద కూడా నిజమైన ప్రేమే పుట్టింది. మా పెదనాన్నగారు ఆదివారం పొద్దున్నే పాత పంచె చింపి అంబాసిడరుని తుడిచే తీరు చూస్తే, పెద్దమ్మ "ఆ చేత్తో ఒక్కసారి నా సూట్‌కేసు మీద దుమ్ము తుడవకూడదూ" అనేది. ఎంచుకున్నదాన్ని ప్రేమించడం ఒక రకం. వచ్చినదాన్ని ప్రేమించడం ఇంకో రకం. రెండోది తక్కువ రకం అని తేలిగ్గా అనెయ్యడానికి నాకు మనసొప్పదు. మన అమ్మల తరం కాపురాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

పేర్లు చూశారా? అంబాసిడరంటే రాయబారి. రాయబారం అంటే మా గోదావరి వాళ్ళకి చెప్పాలా, తిరుపతి వేంకట కవుల నాటకం పుణ్యమా అని మైకు దొరికితే చాలు ప్రతివాడూ కృష్ణుడే. ఎత్తుగా, తెల్లగా, కిటికీలకి తెరలు కట్టుకుని, ముందు జెండా కర్రతో కలెక్టరుగారి ఆఫీసు ముందు ఆగిన అంబాసిడరుకి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. ఇక పద్మిని చిత్తూరుగఢ్ రాణి. ఆవిడ కథ 1540లో జాయసీ రాసిన పద్మావత్ కావ్యంలో ఉంది. పరాయివాడి చేతికి చిక్కకూడదని అగ్నిలో దూకిన రాణి పేరు తీసుకెళ్ళి, డబ్బు పెట్టిన ప్రతివాడూ తాళంచెవి తిప్పే బండికి పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, మొగబుర్ర అయి ఉండాలి. ఒకటి మొగ ఉద్యోగం పేరూ, ఇంకొకటి ఆడమనిషి పేరూ కావడంతో అరుగు మీద వాదన కూడా ఆ దారినే పోయేది. అంబాసిడరు స్టీరింగు బరువు, ఫియట్టు చేతికి తేలిక, "ఆడవాళ్ళ బండి" అనేవారు. ఆ ఆడవాళ్ళకి నేర్పిన మొగవాళ్ళు ఎంతమందో లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలు.

మొగవాళ్ళ వాదనలో సారం లేదనను. ఇంజను కొలత అంబాసిడరుది 1,489 సీసీ, పద్మినిది 1,089. సరిగ్గా నాలుగొందలు తేడా. పొడుగులో అంబాసిడరు దాదాపు మూరెడు ఎక్కువ. పెట్రోలు దగ్గర ఫియట్టు పొదుపు. 1973లో పెట్రోలు ధరలు మండినప్పటి నుంచీ ఆ పొదుపుకి గౌరవం పెరిగింది. కానీ తణుకు ఊళ్ళో తిరగడం వేరు, ఇరగవరం, అత్తిలి వైపు కాలవ గట్ల మీద తిరగడం వేరు. వర్షాకాలం గట్టు మీద ఎడ్లబళ్ళు చేసిన గాళ్ళలో ఫియట్టు పొట్ట నేలకి ఆనేది. అంబాసిడరు పంచె ఎగ్గట్టుకున్న పెద్దమనిషిలా దాటిపోయేది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీదికి కొల్లేరు ఎక్కినప్పుడల్లా, నీళ్ళలోకి దిగే ధైర్యం ముందు అంబాసిడరు డ్రైవరుకే వచ్చేది. బాగుచెయ్యడం కూడా అంతే. ఏ షెడ్డులోనైనా ఒక పిల్లవాడు రెంచీ పట్టుకుని దూరితే అది లేచి కూచునేది. ఇవన్నీ నిజాలే. అయినా ఈ వాదనంతా ముందు సీట్లో కూచునేవాళ్ళది. వెనక సీటు మాట ఎవరూ ఎత్తలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

రెండు కార్లలోనూ గేరు కర్ర స్టీరింగుకి పక్కనే ఉండేది. అంచేత ముందు సీటు అడ్డం లేకుండా ఒక్కటే బల్ల. అమెరికా బకెట్లలాగ మనిషికో గుంట లేదు. బల్ల అన్నాక ఎంతమంది కూర్చోవచ్చు అన్నదానికి లెక్క ఉండదు కదా, బల్ల మీద కూర్చునేవాళ్ళ మొహమాటమే లెక్క. అంబాసిడరు ముందు నలుగురు, డ్రైవరుగారు తలుపుకి అతుక్కుని సగం ఒళ్ళు బయట పెట్టి నడపడం నేను కళ్ళారా చూశాను. వెనక ఆరుగురు, ఒళ్ళో పిల్లలు వేరే. పిల్లలు లెక్కలోకి రారు, గాలిలాంటివాళ్ళు. అందరూ ఎక్కాక, తలుపు కూడా వేశాక, ఇంట్లోంచి ఇంకో మనిషి చేతిసంచీతో బయటికొచ్చేది. అప్పుడు మా పెదనాన్నగారి నోట ఆ మాట వచ్చేది. "సర్దుకోండర్రా, ఇంకొకళ్ళు పడతారు."

ఆ మాట విన్నప్పుడల్లా ఊరంతా ఆయన్ని మెచ్చుకునేది. ఎంత పెద్ద మనసు, ఎవర్నీ వదిలి వెళ్ళరు అని. ఆయన మంచివారే, అందులో సందేహం లేదు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన ముందు సీట్లో కిటికీ పక్కన ఉండేవారు. వెనక ఒక కిటికీ పక్కన నాయనమ్మ, ఇంకో కిటికీ పక్కన అప్పటికప్పుడు వచ్చిన చుట్టం. మధ్యలో? ఈ బళ్ళలో ఇంజను ముందుంటుంది, తిప్పాల్సిన చక్రాలు వెనకుంటాయి. ఆ బలాన్ని వెనక్కి మోసుకుపోయే ఇనపకడ్డీ నేల కింద తిరుగుతుంటుంది, దాని కోసం నేల మధ్యలో పొడుగ్గా దిమ్మలాగ లేపి ఉంచుతారు. ఆ దిమ్మ మీద కాళ్ళు పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునే చోటు ఇంటి చిన్నకోడలిది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడే ఆవిడ తనంతట తానే అక్కడికి జరిగిపోతుంది. మా అమ్మ పదిహేనేళ్ళు ఆ దిమ్మ మీద తిరిగింది. ఒళ్ళో నేను, పక్కన పులిహోర గిన్నె, చేతిలో నిమ్మకాయ. నిమ్మకాయ ఎందుకంటారా, తాడేపల్లిగూడెం దాటగానే ఏదో ఒక పిల్ల వాంతి చేసుకుంటుంది, దాని ముక్కు దగ్గర పెట్టడానికి. ద్వారకా తిరుమల కొండ మెట్ల దగ్గర అందరూ దిగి వొళ్ళు విరుచుకుంటుంటే, అమ్మ మాత్రం కాసేపు తలుపు పట్టుకుని నిలబడేది. కాళ్ళు తిమ్మిరి వదలాలి కదా.

ఉదారత గురించి మనవాళ్ళు చాలా చెప్పారు. దానం చేసేవాడు తన సొత్తే దానం చెయ్యాలి అనేది అందులో మొదటి నియమం. "ఇంకొకళ్ళు పడతారు" అన్న ఉదారతలో ఇచ్చినది ఎవరి సొత్తు? మా అమ్మ మోకాళ్ళు. ఇచ్చిన పేరు ఎవరికి వచ్చింది? అది చెప్పక్కర్లేదు. కారులోనే కాదు, వంటింట్లో కూడా ఇదే తంతు. "భోంచేసి వెళ్ళండి" అనే మాట వీధి గదిలో పుడుతుంది. బియ్యం మళ్ళీ పొయ్యి మీద పడేది వెనక గదిలో.

ఇంతవరకూ రాసి ఆపేస్తే వ్యవహారం సులువుగా ఉండేది. చదివేవాళ్ళు నిట్టూర్చి, పాపం, అని పేజీ తిప్పేవారు. కానీ ఫియట్టు సంగతి కూడా చెప్పాలి మరి.

మా బాబాయి ఫియట్టు కొన్నారు. పాతదే, క్రీము రంగుది. ఇంట్లో అది గొప్ప పండగ. పిన్ని ముందు సీట్లో కూర్చుంది. ఆ వాక్యం మీకు చిన్నదిగా కనిపిస్తుందేమో, మా ఇంటి చరిత్రలో అది పెద్దది. భర్త పక్కన, కిటికీ దగ్గర, కాళ్ళు చాపుకుని, జుట్టు ఎగురుతుంటే చేత్తో సర్దుకుంటూ కూర్చుంది. వెనక ఇద్దరు పిల్లలు. అంతే, కారు నిండింది. నిజానికి నిండలేదు. ఇంకో ముగ్గురు పడతారు. కానీ చూసే కంటికి నిండుగా ఉంది, ఇక చాలు అనిపించే తీరులో ఉంది. ఎవరైనా ఎక్కబోతే "చిన్నబండి కదండీ" అనే మాట సిద్ధంగా ఉంది. ఆ మాటకి ఎవరూ నొచ్చుకోరు. మనిషి కాదన్నట్టు కాకుండా బండే కాదన్నట్టు ఉంటుంది. నేను ఇన్నేళ్ళు నవలలు రాస్తూ ఇంత మర్యాదగా లేదనే మాట ఇంకొకటి వెతికి పట్టుకోలేకపోయాను. పిన్ని దిమ్మ మీద కూర్చోలేదు. ఆవిడ మోకాళ్ళు ఆవిడవే.

మరి చోటు దొరకనిది ఎవరికి? మొదట మా మేనత్తకి. పాతికేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. పెదనాన్నగారి అంబాసిడరు తలుపు వేశాక చేతిసంచీతో బయటికొచ్చేది ఈవిడే. ఆఖరున రావడం ఎందుకో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. పిలుస్తారో పిలవరో చూసి గానీ ఆవిడ గడప దాటేది కాదని ఇప్పుడు తెలుస్తుంది. పెనుగొండ వాసవమ్మ గుడి, పట్టిసీమ తీర్థం, ఏలూరులో చుట్టాల పెళ్ళిళ్ళు, ఆవిడ ఈ లోకంలో చూసిన నాలుగు చోట్లూ "ఇంకొకళ్ళు" అన్న లెక్కలోనే చూసింది. ఫియట్టు ఇంట్లోకి వచ్చాక ఆ సంచీ చిలక్కొయ్యకి వేలాడుతూ ఉండిపోయింది. తర్వాత నాయనమ్మ. "నాకెందుకురా, మోకాళ్ళ నెప్పులు, మీరెళ్ళి రండి" అనేది. ఆ మోకాళ్ళతోనే తెల్లారగట్ల లేచి తులసికోటకి పదకొండు ప్రదక్షిణాలు చేసేది.

అంచేత ఇప్పుడు చెప్పండి ఏ కారు గొప్పదో. మా అమ్మ మోకాళ్ళని ఒక తక్కెడలో వేసి, మేనత్త చేతిసంచీని ఇంకో తక్కెడలో వెయ్యండి. అంబాసిడరు మంచితనానికి ఖరీదు ఇంట్లో చిన్నది కట్టింది. ఫియట్టు సుఖానికి ఖరీదు ఇంట్లో దిక్కులేనిదీ, ముసలిదీ కట్టారు. రెండు బళ్ళలోనూ ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్నవాళ్ళు మాత్రం ఏమీ కట్టలేదు, పెట్రోలు తప్ప. ఇప్పటివాళ్ళు చాలామంది పిన్ని పక్షం మాట్లాడతారు. సర్దుకోవడం బానిసత్వం అంటారు. వాళ్ళ మాటలో నిజముంది. కానీ సర్దుకోకపోవడం వల్ల గుమ్మంలో నిలబడిపోయిన మనిషి కూడా ఆడదే అని వాళ్ళు మర్చిపోతారు. పాతకాలం వాళ్ళు పెదనాన్నగారి పక్షం. "ఆ రోజుల్లో మనసులు విశాలంగా ఉండేవమ్మా" అంటారు. విశాలంగానే ఉండేవి, దిమ్మ మీద కూర్చున్నవాళ్ళకి తప్ప.

అమ్మని ఒకసారి అడిగాను, నీకు కోపం రాలేదా అని. "కోపమెందుకే, అత్తయ్య నా పక్కనే కూర్చునేదిగా. దారంతా నా చెయ్యి వదిలేది కాదు" అంది. ఇంకాసేపాగి, "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మీ పెదనాన్నగారు వెనక్కొచ్చి మధ్యలో కూర్చుంటే బావుండేది" అంది. నేను చదివిన నీతిశాస్త్రాల్లో ఈ విషయానికి ఇంతకంటే సూటి పరీక్ష కనిపించలేదు. సర్దుకోమని చెప్పే అధికారం వంతుల మీద రావాలి అంటోంది మా అమ్మ. వంతులు వేస్తే పెదనాన్నగారు ఆ మాట అనేవారో కాదో? అనేవారనే నా నమ్మకం. రెండోసారి అనేవారా అంటే, ఆ సంగతి చెప్పలేను.

చోటు అనేది బండి కొలతల్లో లేదని చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట నాకు మొదట అతి తెలివిగా తోచేది. కానీ మా వీధిలో ఒక లేడీ డాక్టరుగారు ఉండేవారు. ఫియట్టు ఆవిడే నడుపుకునేవారు. "అంత కారులో ఒక్కత్తే తిరుగుతుంది" అని మా అరుగుల మీద ఈర్ష్యో వెక్కిరింతో తెలియని గొంతుతో అనేవారు. పగలు ఎవరైనా లిఫ్టు అడిగితే ఆవిడ నిక్కచ్చిగా లేదనేవారు. మొహమాటం లేని మనిషి. అర్ధరాత్రి పల్లెల్లోంచి పురిటి కబురు వస్తే మాత్రం, బండి తీసి తనే వెళ్ళి, ఆ వెనక సీటు మీద పురిటి మనిషిని పడుకోబెట్టుకుని తెచ్చేవారు. తోడు వచ్చిన నలుగురూ ఎక్కబోతే, తల్లిని ఒక్కదాన్నే ఎక్కించుకుని మిగతావాళ్ళని నడిచి రమ్మనేవారు. మొగుణ్ణి కూడా. ఆ సీటు ఖాళీగా ఎందుకు ఉంచుకునేవారో ఊరికి అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. అందరికీ చోటివ్వడం, కావలసినవాళ్ళకి చోటు ఉంచడం, ఈ రెండూ ఒకటి కావని ఆవిడ్ని చూశాకే నాకు తెలిసింది. అయితే ఆవిడ లెక్క అందరికీ కుదరదు. పురిటి నెప్పి ఎవరిదో తెలుస్తుంది. మేనత్త సంచీలో ఉన్న నెప్పి డాక్టర్లకి కూడా దొరకదు.

ఆ రెండు కార్లూ ఇప్పుడు లేవు. 1983 డిసెంబరులో మారుతి వచ్చినప్పుడే వాటి జాతకం తిరగబడింది. పద్మిని తయారీ ముందుగా ఆగింది. అంబాసిడరు 2014 దాకా నెట్టుకొచ్చింది, ఆ ఏడాది మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ పని ఆపేసింది. 2017లో ఆ పేరొక్కటీ ఎనభై కోట్లకి ఫ్రెంచి కంపెనీ ఒకటి కొనుక్కుంది. బొంబాయి వీధుల్లో నల్లా పసుపూ రంగుల్లో తిరిగిన పద్మిని టాక్సీల్లో ఆఖరిదానికి ఇరవయ్యేళ్ళ గడువు తీరి 2023 అక్టోబరు 30న రోడ్డు దిగింది. ఆ వార్త వచ్చిన రోజు బాబాయి టీవీ కట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయారట. పిన్ని చెప్పింది, కొంచెం నవ్వుతూ.

ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ దిమ్మ లేదు. తిరిగే చక్రాలు ముందుకే వచ్చేశాయి కనక నేల చదునుగా ఉంటుంది. సీటుకో బెల్టు. వెనక కూర్చున్నా కట్టుకోవాలని చట్టం. బెల్టుకి ఒక్క మనిషే కాబట్టి "ఇంకొకళ్ళు" అనే మాట ఎవరి మంచితనంతోనూ చెడ్డతనంతోనూ పని లేకుండా దానంతటదే రాలిపోయింది. ఇది మంచికే, ఒళ్ళో పిల్లల్ని పెట్టుకుని తిరిగిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు గుండె జారుతుంది. ఏడుగురు పట్టే బళ్ళు వచ్చాయి. వాటిలో ఆ మూడో వరస సీట్లోకి ముందు సీటు మడిచి, నడుం వంచి దూరాలి. అందులోకి దూరేది ఎవరా అని ప్రతి ఇంటి ముందూ ఆగి చూస్తుంటాను. మర్యాదగా ఉండదు, అయినా చూస్తుంటాను. అయిదారేళ్ళ కిందట వరకూ కోడళ్ళే. ఈ మధ్య ఒకటి రెండు ఇళ్ళలో కుర్రమొగుళ్ళు దూరడం చూశాను.

మొన్న మాఘమాసంలో మేమూ ద్వారకా తిరుమల వెళ్ళాం. మనుషులం ఎనిమిది మందిమి. ఏడుగురి బండిలో ఎనిమిదో మనిషి పట్టదు కనక రెండు బళ్ళు తీశాం. వెళ్ళాల్సినవాళ్ళందరం వెళ్ళాం, ఎవరి మోకాళ్ళూ ఎవరికీ తగల్లేదు, నాలుగు సీట్లు ఖాళీగా వచ్చాయి. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, దారంతా చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో మారుస్తూ ఉంది. భీమడోలు దాటాక ముందు బండిలోంచి ఫోను వచ్చింది, పులిహోర గిన్నె మీ దగ్గరుందా, మా దగ్గరుందా అని. మా దగ్గరే ఉంది. వెనక సీటు మధ్యలో పెట్టాం. బరువు తగలగానే మనిషనుకుని బండి టంగు టంగుమని గోల పెట్టింది, అందుకని దానికి బెల్టు కట్టాల్సి వచ్చింది.